నూట పదిహేడు

తాడ్వాయి దాటినంక రెండో మూలమలుపు.
రోడ్డు వెడల్పవుతుందట,
చెట్ల లెక్క రాయాలి.
టేపు నాది, నోటుబుక్కు నాది.
కొడవలీ తెల్లరంగు డబ్బా పూనెం బొజ్జయ్యవి.

నాలుగున్నర అడుగుల ఎత్తున చుట్టుకొలత.
అక్కడే అరచేతి మందం బెరడు చెక్కి
నున్నబడ్డ చోట నంబరు.
పొద్దటి సంది నూట పదహారు చెట్లు.
ఎవరి మొహమూ చూడలేదు నేను,
లావు మాత్రమే చూసిన.

నూట పదిహేడు వాగొడ్డు నేరేడు.
కొడవలి లేపి బొజ్జయ్య ఆగిండు.
"గీ చెట్టుకు సిబ్బెం పట్టింది మేడం,
మొత్తం గీకాల్నా?"

దగ్గరికి పోయిన.
బూడిద రంగు పొర,
గంజి పొంగి ఎండిన కుండ మీది చారలా.
అంచు తెలుపు,
నడుమ చిన్న చిన్న నల్లచుక్కలు,
ప్రతి చుక్కకూ పళ్లెంలా ఓ గట్టు.
గోరు పెట్టి లేపబోయిన.
గోరే విరిగింది.
అది బెరడు మీద లేదు,
బెరడులో ఉంది.
తీయాలంటే చెట్టు తోలు తీయాలి.

పక్కనే ఇంకొకటి, కొంచెం పసుపు.
రెండూ ఎదురుపడ్డ చోట
వెంట్రుకంత నల్లగీత.
గెట్టు.
కొలిచిన అమీను లేడు, పాతిన రాయి లేదు.
మా నాయన, పెదనాయన
మూరెడు గెట్టు కోసం
పదేండ్లు పరకాల కోర్టుకు తిరిగిండ్రు.

హన్మకొండలో డిగ్రీ చదివేటప్పుడు
శేషారత్నం మేడం చెప్పేది:
ఇది మొక్క కాదు, బూజూ కాదు,
పాలుకు చేసుకునే ఇద్దరు.
ఒకరు గోడ, ఒకరు పొయ్యి.
ఒకరు తేమ దాస్తే
ఇంకొకరు ఎండను వండుతరు.
వేరు లేదు, చెట్టు నుంచి మెతుకు అడగదు.
నిలబడ్డానికి జాగ చాలు.
ఏడాదికి నువ్వుగింజ మందం పెరిగితే గొప్ప.

అట్లయితే ఈ రూపాయి బిళ్లంత మచ్చ
నాకంటే పెద్దది.
నేను పుట్టిన వానాకాలం
దీనికి గుర్తుండాలె.

నా మెడ మీదా ఒకటుంది,
పదో తరగతిలో వచ్చింది.
బావంచాలు నూరి పూసి
మా అమ్మ ఎండలో కూసోబెట్టేది.
బొబ్బలు లేచినయి.
మచ్చ తన జాగలో తనుంది.
ఒకసారి బస్సులో ఒకామె
కొంగు సర్దుకుని సీటు మారింది,
ఆ సీటు మీద ఎండ పడుతున్నా.

"గీకకు," అన్న బొజ్జయ్యతో.
"జానెడు కింద రాయి."
"రూలు ఒప్పుకోదు గదా?"
"నేను రాసుకుంట."
వంగి నంబరేసిండు.
ఒకటి, ఒకటి, ఏడు.
ఏడు కాలు కొంచెం జారి కిందికి కారింది.

ఇంతకన్నా నేనేమీ చేయలేదు.
చెట్టును ఆపలేదు,
ఆపగలిగే కుర్చీ నాది కాదు.
పుస్తకంలో రిమార్కుల గడిలో
ఏం రాయాలో తెలియక
"వాగొడ్డు" అని రాసిన.

మే నెలలో డిపోకు పోయిన, లెక్క తాళె చూడ్డానికి.
దుంగల మీద ఎండ పడుకుంది.
టేకు ఓ దిక్కు, మద్ది ఓ దిక్కు,
నేరేడు వంటచెరుకు కుప్పలో.
వెతకాలని పోలేదు.
కారిన ఏడు కనబడింది.

జానెడు పైన అదే మచ్చ,
సున్నం రాలిన గోడలా తెల్లబోయి.
నల్లచుక్కలు మూసుకున్నయి.
సచ్చిందనుకున్న.
సీసాలో అడుగున మిగిలిన నీళ్లు
పుక్కిలించి పారబోసేవి
దాని మీద పోసిన.

రెండు గడియలు పట్టలేదు.
బూడిద కింద నుంచి
పచ్చ లేచింది.
లేత చింతచిగురంత పచ్చ.
చెట్టు లేదని దానికెవరూ చెప్పలేదు కాబోలు.
చెప్పినా, అది అడిగింది
వానొచ్చిందా అని మాత్రమే.

కాంటా దగ్గర గుమాస్తా కేకేసిండు:
"మేడం, లెక్క సరిపోయిందా?"

ఒకటి ఎక్కువొస్తుందన్న.
ఆయన మళ్లీ దుంగలు లెక్కపెడుతుండు.